పీట నడిచిన దిక్కు

రోహిణి కార్తె, రెండో రోజు

పొద్దున్నే చూపుగది బూజు దులిపాను. మైక్రోస్కోపు మీద కప్పిన గుడ్డ తీసి, కటకాలు తుడిచి, పీట కింది మరలకు నూనె పెట్టాను. గాజుపలకను పట్టుకుని అటూ ఇటూ జరిపే బల్లను యంత్రంతో వచ్చిన పుస్తకంలో స్టేజి అన్నారు. మా దిగువగెడ్డలో అందరూ పీట అనే అంటారు. దానికి చిన్న మోటారు ఉంది. మడి మట్టిని బతికించే తోడును చుక్కగా పలక మీద వేసి, అందులో మూడు చోట్లు గుర్తు పెడితే మోటారు పీటను ఒక చోటి నుంచి ఇంకో చోటికి తిప్పుతుంది. ఒక్కో చోట ఒక్కో బొమ్మ పడుతుంది. మళ్లీ మొదటి చోటికి వస్తుంది. పొద్దు పొడిచింది మొదలు నడినెత్తికి వచ్చేదాకా ఇదే తిరుగుడు. తరువాత ఆ బొమ్మలన్నీ వరసగా, వేగంగా ఆడిస్తే మామూలుగా కంటికి అందని కదలిక అందుతుంది. కదలిక ఎంతో, ఆ బొమ్మలు ఆడించే పెట్టె అంకె వేసి చెబుతుంది. పది దాటితే తోడు బతికున్నట్టు.

మృగశిర మొదటి రోజు తోడు చూపు. ఎగువగెడ్డ వాళ్లు వచ్చి కూర్చుంటారు. బతికుందని నేను చెబితే వాళ్లు మా తూము ఎత్తుతారు. చచ్చిన తోడు కలిపిన మడికి నీళ్లు పెడితే అడుగునున్న ఉప్పు పైకి లేస్తుంది. ఆ మడిలో మళ్లీ గడ్డి మొలవడానికి ఒక తరం పడుతుంది. అందుకే ఈ చూపు. మా తాతల కాలంలో మట్టి దానంతట అదే బతికుండేదట. ఇప్పుడు పాలలో మజ్జిగ చుక్క వేసినట్టు ఏటేటా మడిలో తోడు వేసుకోవాలి.

గది ఊడుస్తుండగా అప్పలసూరి వచ్చాడు. అతని మడి నా మడి పక్కనే, ఊరికి చివర. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“గౌరన్నా, పోనేడు సూపు సూసింది నువ్వే గదా.”

“నానే.”

“తోడు బతికుందన్నావు.”

“పద్నాలుగొచ్చింది. బతికుంది.”

“మరి నా మడేటి తెల్లబడిపోనాది?”

చీపురు గోడకు ఆనించాను. అతని మడిలో పోయిన పంటకు సగం మేర ఉప్పు పేరుకుంది. గడ్డి కప్పకుండా తోడును ఎండబెట్టేశాడని ఊరు తేల్చింది.

“ఊరంతా నాను గడ్డి కప్పలేదంటన్నారు. మా ఇంటిది కూడా అదే అంటన్నాది. కప్పినాను గౌరన్నా. మోపులు నా నెత్తినే మోసినాను. నిన్నడిగితే తేలతాదని వొచ్చినాను.”

చూస్తానని చెప్పి పంపాను. ఏం చూడాలో నాకు తెలియదు.

రోహిణి, మూడో రోజు

పోయినేటి బొమ్మలు తీసి ఆడించాను. తోడులో ఉండేవి గింజల్లాంటివి, తీగల్లాంటివి. అన్నీ కదులుతున్నాయి. పెట్టె చెప్పింది తప్పు కాదు.

పక్కన నాలుగేళ్ల కిందటి బొమ్మలు పెట్టి ఆడించాను. అప్పుడు తేడా కనబడింది. నాలుగేళ్ల కింద అవి సంత విడిచాక జనం పోయినట్టు పోతున్నాయి. ఒకటి ఇటు, ఒకటి అటు, కొన్ని నిలబడి మాట్లాడుకుంటున్నట్టు. పోయినేడు మాత్రం బండిలో కూర్చున్న వాళ్లలా ఉన్నాయి. అన్నీ ఒకే దిక్కుకు, ఒకే వేగంతో, ఒకదానికొకటి ఎడం మారకుండా.

అంతకు ముందటేడుదీ తీశాను. అదీ బండే.

కదులుతున్నాయా అని చూశాను. ఎటు కదులుతున్నాయో చూడలేదు. పెట్టెకూ ఆ తేడా తెలియదు. ఎంత దూరం పోయాయన్నదే దాని లెక్క.

రోహిణి, నాలుగో రోజు

బండి నడిస్తే లోపల కూర్చున్నవాళ్లు కదిలినట్టే కనబడతారు. బండి సంగతి తెలియాలంటే లోపల ప్రాణం లేనిదాన్ని ఒకదాన్ని కూర్చోబెట్టాలి.

గెడ్డ ఒడ్డున సన్న ఇసుక తెచ్చి, కడిగి ఆరబెట్టి, ఒక్క రేణువును తుమ్మబంకతో గాజుపలకకు అంటించాను. అది ఎండి రాయిలా బిగిసింది. పక్కన తోడు చుక్క వేసి, చూపు రోజున చేసే పద్ధతిలోనే అన్నీ చేసి బొమ్మలు పట్టాను.

మధ్యాహ్నానికి ఇసుక రేణువు పదకొండు మైక్రాన్లు కుడికి జరిగింది. తలవెంట్రుక మందంలో ఆరో వంతు ఉంటుంది. తోడులోవి కూడా కుడికే, అంతే.

బొమ్మలు చూస్తుండగా సన్యాసమ్మ వదిన చోడి అంబలి తెచ్చింది. మా ఊరి తోడు ఉండేది ఆమె ఇంట్లోనే. అమ్మ నుంచి పెద్ద కోడలిగా ఆమెకు వచ్చింది. అన్న పోయి రెండేళ్లు దాటింది. అప్పటినుంచి నాకు ఒక పూట తిండి ఆమే పెడుతోంది.

“ఆ పెట్టెకి మొగుడైపోనావు మరిదీ. పుస్తె కట్టీడమొక్కటే తరువాయి.”

“కట్నం తేలేదని ఊరుకున్నాను.”

“నిన్ను సేసుకోడానికి అదే ఎదురు అడగాల.”

గిన్నె నా ముందు పెట్టి పెట్టెలోని బొమ్మ మీదికి వంగింది. “ఏటిది, గుండ్రాయిలాగున్నాది?”

“ఇసక. బంకేసి అంటించినాను. అయినా నడిచింది.”

“ఇసక నడవడమేటి?”

“ఇసక కాదు. పీట నడుస్తన్నాది. తోడు కదలిక అనుకున్నది పీట కదలికేమోనని సూస్తన్నాను.”

వదిన కొంగుతో చేతులు తుడుచుకుంది. తడిలేని చేతులే.

“మోటారు పాతబడిపోనాదేమో,” అంది. “అంబలి సల్లారిపోతాది, తాగు.”

రోహిణి, ఐదో రోజు

వదిన అన్న మాట సబబే అనిపించింది. మర అరిగితే పీట వెళ్లిన చోటికి సరిగ్గా తిరిగి రాదు. ప్రతి తిరుగుడుకూ కాస్త తేడా పడి, అది కలుస్తూ పోతుంది. మర విప్పాను. పళ్లు తుడిచాను. ఒకవైపు నుంచే వచ్చి ఆగేలా మోటారుకు చెప్పాను. రోజంతా దానికే సరిపోయింది.

రోహిణి, ఆరో రోజు

మర బాగుచేసినా రేణువు పదకొండు నడిచింది.

రోహిణి, ఏడో రోజు

మోటారు తీగ పీకేశాను. పీటను ఒకే చోట ఆపి, బొమ్మలు మాత్రం పట్టాను. రేణువు పన్నెండు నడిచింది. మోటారు తప్పు కాదు. రెండు రోజులు దాని వెనక తిరిగాను.

రోహిణి, ఎనిమిదో రోజు

పొద్దున్నుంచి మబ్బు. నాలుగు చినుకులు కూడా పడ్డాయి. రేణువు కదల్లేదు. తోడు కదల్లేదు. పెట్టె ఒకటి అని చూపించింది.

వానొస్తుందని ఊరంతా సంతోషంగా ఉంది.

రోహిణి, తొమ్మిదో రోజు

మళ్లీ ఎండ. రేణువు మళ్లీ కుడికి బయలుదేరింది. బొమ్మలు పడుతుండగా లేచి మైక్రోస్కోపు మెడ మీద అరచెయ్యి పెట్టాను. తూర్పు పక్క ఇనుము వేడెక్కి ఉంది. పడమటి పక్క చల్లగా ఉంది. వేడెక్కిన పక్క ఇనుము సాగుతుంది, పీటను తోసేస్తుంది. పొద్దెక్కేకొద్దీ తోస్తూనే ఉంటుంది.

తూర్పు కిటికీ తెర వేశాను. మళ్లీ మొదటినుంచి పట్టాను. రేణువు నిలబడింది.

ఆ తెర మూడు పొరల గోనెగుడ్డ. యంత్రం వచ్చిన ఏడు వదినే కుట్టింది. ఇనుము వేడికి వెంట్రుకంత సాగినా బొమ్మ చెడుతుందని నేను చెబితే, ఒక పొర చాలదని మూడు పొరలు వేసింది. రెండేళ్లుగా చూపు రోజున ఆ తెర తీయమంటున్నదీ ఆమే. తోడు పొద్దుపొడుపు చూడాలట, అత్తగారి మాటట. నేను తీసేవాణ్ని. చూపు రోజు పద్ధతి అనుకుని ఈ వారమంతా కూడా తీసే ఉంచాను.

రోహిణి, పదో రోజు

తోడు ఒక గరిటెడు తీసుకుని పొయ్యి మీద పెట్టి కుతకుతా మరిగించాను. అందులో ఏదీ బతికుండడానికి వీల్లేదు. చల్లార్చి గాజు మీద వేసి, తెర తీసి, ఎండలో పట్టాను.

పెట్టె పదమూడు అని వేసింది. బతికుంది అని కింద పచ్చగా రాసింది.

రోహిణి, పదకొండో రోజు

తెర వేసి, అసలు తోడును చూశాను. మరిగించనిది, వదిన కుండలోంచి తెచ్చింది. రేణువు నిలబడి ఉంది. తోడు కూడా నిలబడి ఉంది. మూడు చోట్లా అంతే.

వదిన ఇంటికి వెళ్లాను. పెరట్లో తోడు కుండలకు తవుడు నీళ్లు పోస్తోంది.

“రా మరిదీ. అంబలి నానే తెత్తును గదా.”

“మరగబెట్టిన తోడు కూడా బతికుందని సెప్పింది వొదినా, ఆ పెట్టె.”

“పెట్టె సెప్తే నానేటి సేసీది.”

“తెర తీయమన్నది నువ్వు.”

“మీ అమ్మ సెప్పిన మాట అది. సూరీడికి సూపించాలని.”

“అమ్మ పోయిన మూడేళ్లకి గదా ఆ గది కట్టినారు.”

వదిన చెంబు కింద పెట్టింది. ఇంకో కుండ మూత తీయబోయి మానేసింది.

“ఎప్పుడు పోయింది?” అన్నాను.

“ఏటి?”

“తోడు.”

“ముందటేడు వడగాలికి. మీ అన్నకి జొరం తగ్గలేదు, నాను మంచం దగ్గరే ఉండిపోనాను. కుండలెవులు సూస్తారు. పదోనాడు అయినాక మూత తీసినాను. ఎండిపోయి బీటలిచ్చింది. వాసన లేదు. నీళ్లు పోసినాను. బెల్లం కలిపినాను. బతికొస్తాదనుకున్నాను.”

“నాకెందుకు సెప్పలేదు?”

“సెప్తే ఏటి సేసీవోడివి?”

“రాసీవోణ్ని.”

“అదే.”

కుండల వరసలో ఒకదాని మీద ఈగ తిరుగుతోంది. వదిన దాన్ని తోలింది.

“మోటారు పాతబడిందన్నావు.”

“అన్నాను.”

“రెండు రోజులు మర విప్పి కూకున్నాను.”

ఆమె చెంబు మళ్లీ అందుకుంది. ఇంకెవరికి తెలుసని అడిగాను. పైడయ్య మావకు తెలుసంది. తెర సంగతి ఆయనకు చెప్పింది తనేనని కూడా అంది. దాచలేదు. ఇక దాచి లాభం లేదనుకుందేమో.

ఆ పూట అంబలి తాగలేదు.

రోహిణి, పన్నెండో రోజు

పైడయ్య మావ ఊరికి పెద్ద. కళ్లంలో కూర్చుని గోగునారతో పగ్గం పేనుతున్నాడు. నన్ను చూసి ఒక కొస నా వైపు విసిరాడు.

“కూకో అల్లుడా. ఆ సివర బిగించి పట్టుకో.”

పట్టుకున్నాను. ఆయన పురి పెడుతూ మాట్లాడాడు. వదిన ముందే కబురు చెప్పినట్టుంది.

“తోడు పోయిందని సెప్తే ఏటవుద్దో నీకు తెల్దా. ఎగువోళ్ల దగ్గర కుండట్టుకుని నిలబడాల. తోడడిగిన ఊరికి మూడు పంటలు ఆకరి నీళ్లే. ఎగువోళ్లు తడిపీసుకుని, నడిమోళ్లు తడిపీసుకుని, అప్పుడు మనకి. ఒకేడు అందుతాది, ఒకేడు అందదు.”

“చచ్చిన తోడుతో నీళ్లు పెడితే?”

“పాత మళ్లకి ఏటీ అవదు. మా నాన్న నాటినుంచి కలిపిన తోడు అడుగున ఉన్నాది. రెండేళ్లు సూసినావు గదా, నా మడి పచ్చగా నేదా?”

“సివర మళ్లకి అడుగున ఏటీ నేదు.”

“కొత్త మళ్లు. కొంచం ఇబ్బందే.”

“పోనేడు అప్పలసూరిది తెల్లబడింది. ఈ ఏడు నాదీ, ఆ ఎనకాలున్న నాలుగిళ్లోళ్లవీ.”

“పట్టు వొదిలీకు. పురి పోతాది.” ఇంకో మూర పేనాడు. “ఈ ఒక్క ఏడు తెర తీసీ అల్లుడా. వొచ్చే ఏటికి ఎక్కడినుంచో నాలుగు పిడికిళ్ల తోడు నాను రప్పిస్తాను. ఎవులికీ తెల్దు.”

“నాకు ముందే సెప్పుంటే?”

ఆయన నవ్వాడు. వెక్కిరింపు కాదు. నిజంగానే నవ్వొచ్చినట్టు నవ్వాడు.

“నీకా? నీ మొకంలో అబద్దం నిలవదు. ఎగువోళ్లు ఇట్టే పట్టీసేవోళ్లు. నువ్వు నిజమనుకుని సెప్పినావు గనకే నమ్మినారు. ఆ కుర్సీలో నిన్ను కూకోబెట్టింది ఎందుకనుకున్నావు మరి? సదువుకున్నోళ్లు ఇంకా ఉన్నారు ఊళ్లో.”

యంత్రం వచ్చిన ఏడు పదిమందిలో నా పేరు చెప్పింది ఆయనే. గౌరు మాటంటే మాటే అన్నాడు. ఆ రోజు ఇంటికి వెళ్లి అన్నకు చెప్పుకున్నాను.

పగ్గం కొస వదిలేశాను. పేనినదంతా గిరగిరా విడిపోయింది. పైడయ్య మావ మళ్లీ మొదటినుంచి పేనడం మొదలుపెట్టాడు.

రోహిణి, పదమూడో రోజు

అప్పలసూరి కనబడితే చెప్పాను, “నువ్వు గడ్డి కప్పినావు.”

“నాకు తెల్దేటి?”

“ఊరికి కూడా తెలుస్తాది. సూపు రోజున.”

“ఏటి తెలిసింది గౌరన్నా?”

“సూపు రోజున రా.”

అంతకంటే చెప్పలేదు. చెబితే మొదట వదిన పేరు చెప్పాల్సి వస్తుంది. ఆమే చెబుతుందని నాకు ఇంకా ఒక మూల ఆశ ఉంది.

మృగశిర, మొదటి రోజు

పొద్దు పొడవకముందే చూపుగదికి వచ్చి తెర దించి, అడుగు అంచును రెండు మేకులతో గోడకు కొట్టాను. గాజు మీద ఇసుక రేణువు అంటించి ఆరబెట్టాను.

ఎగువగెడ్డ నుంచి వాళ్ల ఊరి తోడు చూసే చూపరి నూకరత్నం, తూము చూసే ముసలాయన ఒకరు వచ్చారు. నూకరత్నం నాకంటే చిన్నది, మాట తక్కువ, మా చూపుకు రావడం ఇదే మొదటిసారి. మా ఊరివాళ్లు గదిలో పట్టినంతమంది, వాకిట్లో మిగిలినవాళ్లు. వదిన తలంటుకుని, కొత్త చీర కట్టుకుని కుండ తెచ్చింది. కుండ దించుతూ కిటికీ వైపు చూసింది.

“తెర తియ్యి మరిదీ. పొద్దు పొడుస్తన్నాది.”

“ఈ ఏడు తియ్యను వొదినా.”

“ఆనవాయితీ అల్లుడా,” అన్నాడు పైడయ్య మావ. నాలుగు గొంతులు ఆయనకు వంత పాడాయి.

“ఇదెక్కడి ఆనవాయితీ?” అంది నూకరత్నం. “మా ఊళ్లో గదిలోకి ఎండే రానివ్వం. ఎండ పడితే బొమ్మ పాడవుద్ది.”

పైడయ్య మావ మొహం వాకిలి వైపు తిప్పుకున్నాడు. తోడు చుక్క వేశాను. అందరికీ వినబడేలా చెప్పాను. “పలక మీద ఇసకుంది. ఇసక్కి ప్రాణం నేదు. ఇసక కదిల్తే పీట కదిలినట్టు. ఇసక నిలబడి తోడు కదిల్తే తోడు బతికున్నట్టు.”

“సంకలో పిల్లణ్ని ఎట్టుకుని ఊరంతా ఎతకడమంటే ఇదే,” అన్నారు వెనకనుంచి. కొందరు నవ్వారు.

పొద్దెక్కింది. జనం బయటికీ లోపలికీ తిరిగారు. పిల్లలకు పాలిచ్చి వచ్చారు. బీడీలు కాల్చి వచ్చారు. వదిన కుండ పక్కన కూర్చున్న చోటునుంచి లేవలేదు. నడినెత్తికి వచ్చాక బొమ్మలు ఆడించాను.

ఇసుక నిలబడి ఉంది. తోడు నిలబడి ఉంది. నూకరత్నం మూడు చోట్లనూ రెండేసిసార్లు ఆడించమంది. ఆడించాను.

“తోడు నేదు,” అన్నాను.

అందరూ ఒకేసారి మాట్లాడారు. పోయినేడు కదిలిన తోడు ఈ ఏడు చచ్చిపోయిందా అన్నారు. తోడు కాదు, గౌరు చూపే చచ్చిందన్నారు.

“పోనేటి బొమ్మలున్నాయా?” అంది నూకరత్నం.

ఆడించాను. ముందటేడువి కూడా ఆడించాను. ఆమె దగ్గరగా వంగి చూసింది. అన్నీ కుడికి పోవడం ఆమెకు వెంటనే తెలిసింది. కావాలనుకుని చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

“పోనేడూ నేదు. ముందటేడూ నేదు,” అన్నాను.

“మరెందుకు కదిలినాయి?” అంది నూకరత్నం.

“ఎండకి.”

“తెరెవులు తీసినారు?”

“నాను.”

అది నిజమే. రెండేళ్లూ తెర తీసింది నా చెయ్యే. ఆ మాట అన్నాక కొంచెం ఆగాను. వాళ్లంతట వాళ్లు చెబుతారని చూశాను. పైడయ్య మావ కండువా దులిపి రెండో భుజం మీద వేసుకున్నాడు. వదిన కుండ మూత సరిగ్గానే ఉంది, ఆమె దాన్ని ఎత్తి మళ్లీ పెట్టింది. నా వైపు చూడలేదు. గది అంత చిన్నది, చూడకుండా ఉండాలంటే కష్టపడాలి.

ఎగువగెడ్డ ముసలాయన మెల్లగా మాట్లాడాడు. తోడిస్తాం, తోడు అడిగితే లేదనే ఊరు కాదు మాది అన్నాడు. మూడు పంటలు ఆకరి నీళ్లన్నాడు. “అయితే ఒకటి. రెండేళ్లు నేని తోడుని ఉన్నాదన్న మనిషి ఆ కుర్సీలో ఉండగా మేం తూమెత్తం.”

“అది మీ ఇష్టం,” అన్నాడు పైడయ్య మావ వెంటనే.

జనం కదిలాక అప్పలసూరి నా దగ్గరికి వచ్చాడు.

“పోనేడు తెర తీసింది నువ్వేనా గౌరన్నా?”

“నానే.”

ఇంకా ఏదైనా చెబుతానేమోనని నిలబడ్డాడు. నేను గాజుపలక తీసి కడుగుతున్నాను. అతను వెళ్లిపోయాడు. వాకిట్లో ఎవరితోనో అంటున్నాడు, “నాను గడ్డి కప్పినానని సెప్పలేదేటి మీకు?” అది మాత్రం ఊరు ఒప్పుకుంది.

మృగశిర, మూడో రోజు

వదిన ఖాళీ కుండ పట్టుకుని ఎగువగెడ్డ పొలిమేరకు వెళ్లి నిలబడి తోడు తెచ్చింది. వెనక పైడయ్య మావ, ఇంకా పెద్దలు. నేను వెళ్లలేదు, రమ్మనలేదు.

మా చూపుగదిలో నూకరత్నం కూర్చుంది. ఇకనుంచి ఏటా ఆమే వస్తుంది. గది అప్పగించడానికి మాత్రం నన్ను పిలిచారు. మర ఎక్కడ పట్టేస్తుందో, నూనె ఎక్కడ పెట్టాలో చెప్పాను. ఇసుక ఎలా అంటించాలో చూపించాను.

“మా ఊళ్లో ఇసక పెట్టం,” అంది.

“పెట్టుకోండి.”

“మాకు కిటికీయే నేదు ఆ గదికి.”

“దీపం ఉంటాది. మనుషులు కూకుంటారు. ఒళ్లు కూడా వేడే. పెట్టుకుంటే పోయిందేటి?”

ఆలోచించి ఒక చిటికెడు ఇసుక కాగితంలో పొట్లం కట్టుకుంది. పొట్లం దోపుకుంటూ, నా వైపు చూడకుండా అడిగింది. “తెర తీయమని మీకెవులైనా సెప్పినారా?”

“మేకులు తీసీకండి,” అన్నాను. “తెర అలాగే ఉంచండి.”

కొత్త తోడు బొమ్మలు నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. ఇసుక రేణువు ఒక మూల ఉన్నచోటే ఉంది. దాని చుట్టూ అంతా తిరుగుతోంది. ఒక తీగ వంగి వెనక్కి వచ్చింది. రెండు గింజలు ఎదురెదురుగా వచ్చి, ఆగి, పక్కలకు తప్పుకున్నాయి. పెట్టె ఇరవై రెండు వేసింది. నూకరత్నం బతికుందని చెప్పింది. వాకిట్లో జనం అరిచారు. నేను చెప్పినప్పుడు కూడా అలాగే అరిచేవారు.

మృగశిర, ఐదో రోజు

ఇక ఈ చిట్టా రాయడం నా పని కాదు. మొదలుపెట్టాను కనుక ఈ ఒక్కటి రాసి ముగిస్తాను.

ఈ రోజు తోడు పంపకం. వదిన వాకిట్లో పీట వేసుకుని కూర్చుంది. కుండలోంచి పిడికెడు తీసి ఇంటికొకరి చేతిలో పెడుతుంది. మా ఊళ్లో తోడు చేతిలోంచి చేతిలోకే పోవాలి. ఆకులో తీసుకోరు, గిన్నెలో తీసుకోరు. ఇచ్చే చెయ్యి వెచ్చదనం, పుచ్చుకునే చెయ్యి వెచ్చదనం తోడుకు తగలాలంటారు. పక్కూరివాడు వస్తే మాత్రం గిన్నెలో పోస్తారు. వాడు మనవాడు కాదు కనుక.

వరసలో నిలబడ్డాను. ముందు అప్పలసూరి. అతను రెండు చేతులూ చాపి తీసుకుని, గుడ్డ కప్పుకుని, పక్కకు చూడకుండా పొలానికి పోయాడు. చివరి మడి నీళ్లు చివరే వస్తాయి. వచ్చినప్పుడు ఉప్పు లేవదు. అతనికి కావలసింది అదే, నాకూ అదే.

నా వంతు వచ్చింది. వదిన కుండలో చెయ్యి పెట్టి, పిడికిలి నిండా తీసి, తల ఎత్తింది.

“చెయ్యి పట్టు మరిదీ,” అంది.

కండువా కింద ఉన్న అంబలి గిన్నె తీసి పట్టాను. ఆమెదే గిన్నె, నా దగ్గర ఉండిపోయినది. తోమి తెచ్చాను.

పైడయ్య మావ అరుగు మీదనుంచి చూస్తున్నాడు. వదిన పిడికిలి అలాగే కాసేపు గాలిలో ఉంది. వేళ్ల సందులనుంచి తడి కారి మణికట్టు దాకా వచ్చింది.

“ఊళ్లోవోడివే గదా,” అంది, నాకు మాత్రమే వినబడేలా.

నేను గిన్నె దించలేదు.

తోడు గిన్నెలో వేసింది. అడుక్కి తగిలి మెత్తగా చప్పుడైంది. నా వెనకున్న మనిషి చేతులు చాపి ముందుకు వచ్చాడు.